వైజాగ్ వస్తున్నారా? ముందు టికెట్‌లో స్టేషన్ పేరు చూసుకోండి

కొన్ని దూరపు రైళ్లు విశాఖపట్నం స్టేషన్‌లోకి రావు, ఊరి శివార్లలోని దువ్వాడ స్టేషన్ మీదుగా వెళ్లిపోతాయి. ఎందుకంటే మన స్టేషన్‌లోకి వస్తే ముందుకు వెళ్లాల్సిన బండికి ఇంజిన్ ఇటు తీసి అటు తగిలించాలి. దువ్వాడలో దిగారా, టెన్షన్ పడకండి, ఆటోలో కూర్మన్నపాలెం వస్తే గాజువాక మీదుగా ఆర్టీసీ కాంప్లెక్స్‌కి (ఊళ్లోని బస్టాండ్) సిటీ బస్సులు దొరుకుతాయి. హైదరాబాద్ నుంచైతే నా ఓటు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కే, సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి ఇక్కడుంటారు.

ఊళ్లో తిరగడానికి ఆర్టీసీ కాంప్లెక్స్‌ని గుర్తుపెట్టుకోండి, సింహాచలం కొండకైనా భీమిలికైనా అక్కడ బస్సు ఉంటుంది. ఆటో అయితే ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి.

బస ఎక్కడంటే, తక్కువలో కావాలంటే డాబాగార్డెన్స్, జగదాంబ వైపు లాడ్జీలు చూడండి. పొద్దున్నే అరకు రైలు ఎక్కేవాళ్లు స్టేషన్ దగ్గరే ఉండటం మేలు. పిల్లలతో వస్తే మాత్రం ఆర్కే బీచ్ దగ్గర తీసుకోండి, తెల్లవారుజామున వలలు లాగే జాలర్లని చూడొచ్చు, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంకి నడిచి వెళ్లొచ్చు (సోమవారం సెలవు). రుషికొండ ప్రశాంతంగా ఉంటుంది కానీ ఊరికి దూరం.

ఒక్క మాట, ఆర్కే బీచ్‌లో మోకాళ్ల లోతు దాటి వెళ్లకండి, కెరటం కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది.