పీకిన నెలకే గుర్రాల పాడక్‌లో మళ్లీ వయ్యారిభామ వస్తోందా?

తొలకరికి కూలీలను పెట్టి పాడక్ (గుర్రాలు మేసే కంచె స్థలం) అంతా పీకిస్తారు. శ్రావణం వచ్చేసరికి మళ్లీ మోకాలెత్తు వయ్యారిభామ, తెల్లపూలతో సహా. వెంటనే అడిగేది "ఏ మందు కొట్టాలి?" అని. మందు సంగతి తర్వాత. ముందు గేటు దగ్గర నిలబడి కలుపు ఎక్కడ ఒత్తుగా ఉందో, ఎక్కడ పలచగా ఉందో చూడండి. ఐదు నిమిషాల పని. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్, చేవెళ్ల వైపు పాడక్‌లు పెట్టుకున్నవాళ్లు వేలకు వేలు మందుకు పోస్తారు గానీ ఈ ఐదు నిమిషాలు మాత్రం పెట్టరు.

అంతటా సమంగా ఉంది, మధ్యమధ్య మట్టి కనిపిస్తోంది

గుర్రాలు ఎక్కువ, మేత తక్కువ. గుర్రానికి పైనా కిందా ముందుపళ్లుంటాయి. ఆవులా నాలుకతో చుట్టి లాగదు, నేలకు ఆనించి కొరికేస్తుంది. గరిక నాలుగు వేళ్ల ఎత్తుకు దిగగానే గుర్రాలను తీసేయండి, జానెడు పెరిగాకే వదలండి. మూడు ముక్కలుగా కంచె వేసి తిప్పుకుంటే వానాకాలంలో తేరుకుంటుంది. ఖాళీల్లో గరికో రోడ్స్ గడ్డో వేసుకోండి. గేదెలకు బాగుందని గినీ గడ్డి, అంజన్ గడ్డి మాత్రం గుర్రాలకు ప్రధాన మేత చేయకండి. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు, కొన్ని నెలలకు దవడ ఎముకలు ఉబ్బుతాయి.

మచ్చలు మచ్చలుగా ఉంది

లద్దె వేసిన చోట గుర్రం మేయదు, కలుపు అక్కడ నిశ్చింతగా పెరుగుతుంది. వారానికి రెండుసార్లు లద్దె ఎత్తేయండి. అంతే.

గేటు, గడ్డి వేసే చోటు, బండి తిరిగే దారి: అక్కడే ఒత్తుగా ఉంది

అసలు దొంగ ఇక్కడున్నాడు. విత్తనం బయటి నుంచి వస్తోంది, అదీ మీరు డబ్బులిచ్చి తెప్పించుకుంటున్న ఎండుగడ్డిలో. రోడ్ల పక్కన, బీళ్లలో కోసిన గడ్డిలో వయ్యారిభామ కలిసే వస్తుంది. ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది, మొలిచిన నెలా నెలన్నరకే పూతకొస్తుంది, గింజ మట్టిలో ఏళ్లతరబడి బతికే ఉంటుంది. పైన ఎంత పీకినా కొత్త లోడు దిగిన రోజే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

లోడు దించకముందే తెల్ల దుప్పటి పరిచి, బేలు (గడ్డి కట్ట) మధ్యలోంచి రెండు చేతుల నిండా గడ్డి లాగి గట్టిగా దులపండి. రాలిన దుమ్మును అరచేతిలోకి తీసుకుని ఎండలో చూడండి. రెండు మిల్లీమీటర్ల నల్లటి చదును గింజలు, పక్కన ఎండి ముడుచుకున్న చిన్నచిన్న పూలు కనిపిస్తే లోడు తిప్పి పంపండి. "గడ్డి పచ్చగా, శుభ్రంగా ఉంది సార్" అని గుర్రాలను చూసుకునే సాయిసు అన్నా సరే, దులపాల్సిందే.

గడ్డి నేల మీద వేయకండి. గచ్చు మీదో తొట్టిలోనో వేసి, రాలింది ఊడ్చేయండి. గచ్చు చుట్టూ మొలకలు వేలెడంత ఉన్నప్పుడే పీకితే పిల్లలు కూడా చేసే పని.

విత్తనం వచ్చే రెండో దారి లద్దె కుప్ప. లాయం ఊడ్చిన చెత్త, తినగా మిగిలిన గడ్డి అందులోకే పోతాయి. సగం మాగిన ఎరువును తెచ్చి పాడక్‌లోనే చల్లుతారు! కుప్ప మధ్యలో 55-60 డిగ్రీల వేడి కొన్ని రోజులు నిలిస్తే చాలా విత్తనాలు చస్తాయి గానీ పైపొర చల్లగానే ఉంటుంది. ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాలాగి తీయండి. చెయ్యి కాలేలా ఉండాలి. చల్లారాక బయటిది లోపలికి తిరగేయండి, మళ్లీ వేడెక్కనివ్వండి. అప్పటికీ ఆ ఎరువును తోటకు వేసుకోండి, పాడక్‌కు వద్దు.

పీకడం, మందు

పూత రాకముందు, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో పీకాలి. చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. లేకపోతే దద్దుర్లు, ఆయాసం. మిషన్‌తో కోయిస్తే మొదట్లోంచి చిగిర్చి నేలబారుగా పూస్తుంది. పూసిన మొక్కల్ని పీకి కంచె పక్కన పారేస్తే గింజ అక్కడే ముదురుతుంది.

కలుపు మందుల్లో గ్లైఫోసేట్ గరికనూ చంపుతుంది, ఆ బోడినేల మీద ముందు మొలిచేది వయ్యారిభామే. 2,4-డి గడ్డి జోలికి పోదు గానీ పక్క చేలో పత్తి ఉంటే గాలికి కాస్త తగిలినా చేను పాడవుతుంది. కొట్టాక డబ్బా మీద రాసిన గడువు దాటాలి, వాడిపోయిన మొక్కలు ఏరేయాలి, ఆ తర్వాతే గుర్రాలను వదలాలి. పచ్చిగా ఉన్నప్పుడు ముట్టని విషపు మొక్కలను వాడిపోయాక తినేస్తాయి.

మిగతావి

పల్లంలో తుంగ ఉంటే నీరు నిలుస్తోందని. కాలువ తీయండి, పీకితే గడ్డలు కిందే ఉండిపోతాయి. పిట్టలు తెచ్చాయి, నేల చెడింది అనే కారణాలు ఎక్కడో నూటికొకటి. వాటి జోలికి పోకండి.

కంచె వెంట అందానికని గన్నేరు నాటి ఉంటే మాత్రం కలుపు కంటే ముందు దాన్ని తీయించండి. ఎండినా దాని విషం పోదు, కొద్దిపాటి ఆకులకే గుర్రం గుండె ఆగిపోవచ్చు. తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం చూస్తూ కూర్చోకుండా డాక్టర్‌ను పిలవండి.