ఫేటాలిటీ మజా తెలియాలంటే ఇలా ఆడండి

పాత ఫైటింగ్ గేముల్లో ఆ రక్తం చూసి ఛీ ఇందులో ఏముంది అనిపించిందా, మీ తప్పు కాదులెండి, చాలామంది ఫేటాలిటీలన్నీ, అంటే గెలిచాక ఓడినోణ్ణి ఘోరంగా చంపే ఆ మూవ్‌లన్నీ, వీడియోలో వరసపెట్టి చూసేస్తారు, అలా చూస్తే నిజంగానే చప్పగా ఉంటాయి. అది ఆడి సంపాదించుకోవాల్సిన సరుకు.

1992లో వచ్చిన మోర్టల్ కాంబాట్ గేమ్‌తో మొదలెట్టండి. పక్కన ఇంకో మనిషి కచ్చితంగా ఉండాలి, కంప్యూటర్ ప్లేయర్ మీద చేస్తే ఉడుక్కునేవాడే ఉండడు కదా. సబ్‌జీరో అనే ఫైటర్‌ని తీసుకోండి. రెండు రౌండ్లు గెలిచాక "ఫినిష్ హిమ్" అని గొంతు వస్తుంది, అవతలోడు తూలుతూ నిలబడతాడు, అప్పుడు బాగా దగ్గరికెళ్ళి ముందుకు, కిందకి, ముందుకు, హై పంచ్ బటన్లు వరసగా నొక్కండి. ముందుకు అంటే శత్రువు ఉన్న వైపు, కుడి అని బట్టీపట్టారో అయిపోయారు. కంగారులో ఒక్కటి తప్పు నొక్కితే ఉత్త గుద్దు పడుతుంది, వాడు కిందపడతాడు, ఓడినోడే మిమ్మల్ని చూసి నవ్వుతాడు. కరెక్టుగా పడితే మాత్రం తల వెన్నెముకతో సహా చేతిలోకి వస్తుంది. మ్యాచ్ అప్పటికే అయిపోయింది చూడండి, గెలుపోటములు మారవు, ఇదంతా పక్కనోణ్ణి ఏడిపించడానికే.

వేళ్ళు తిరక్కపోతే ద పిట్ స్టేజిలో ఆడండి, ఫినిష్ హిమ్ అనగానే కిందకి పట్టుకుని హై పంచ్ కొడితే వంతెన మీంచి ముళ్ళమీద పడతాడు, చాలు.

సూపర్ నింటెండో కన్సోల్ వెర్షన్ వద్దు, అందులో రక్తం తీసేసి బూడిదరంగు చెమట పెట్టారు. సెగా మెగా డ్రైవ్ కన్సోల్‌ది పెట్టుకోండి, మొదట్లో కోడ్ ఆఫ్ ఆనర్ స్క్రీన్ వచ్చినప్పుడు ఏ, బీ, ఏ, సీ, ఏ, బీ, బీ నొక్కితే రక్తం వస్తుంది. ఇలాంటి గేముల్లో హింస మీద 1993 డిసెంబర్లో అమెరికా సెనేట్‌లో విచారణ కూడా పెట్టారు, ఆ బొట్లు చూస్తే అంత గొడవ దీనికా అనిపిస్తుంది.

టైమ్ కిల్లర్స్ అనే ఇంకో ఫైటింగ్ గేమ్ నాకు నచ్చలేదు, ఫైట్ మధ్యలోనే చేతులు తెగిపోతాయి, తల కూడా ఎగిరిపోతుంది, ఊరించడమే లేకపోతే ఇంకేం కిక్కు.

చివరికి మోర్టల్ కాంబాట్ 2కి రండి. ఆఖరి రౌండ్ పంచ్‌లు వాడకుండా గెలిస్తే చంపే బదులు ఫ్రెండ్‌షిప్ అనే సరదా మూవ్ చెయ్యొచ్చు, సబ్‌జీరో తన బొమ్మనే తీసి అమ్ముతాడు. రక్తం చుక్క ఉండదు, ఓడినోడికి మాత్రం వెన్నెముక పీకినప్పటికన్నా ఎక్కువ మండుతుంది.