పుట్టినవాళ్లెందరు, ఉన్నవాళ్లెందరు? బంధువులందర్నీ ఒక్కచోట కూర్చాలనుకునేవాళ్లకి

వంశంలోని వాళ్లందర్నీ ఒకసారి కలపాలనుకోగానే అందరూ ముందు హాలు వెతుకుతారు. నేనూ అదే చేశాను, అడ్వాన్సు కూడా కట్టేశాను. తీరా పిలవాల్సినవాళ్ల పేర్లు రాయడానికి కూర్చుంటే, ముత్తాతగారి నలుగురు కొడుకుల్లో మూడో ఆయన సంతానం ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికీ తెలీదు. కాబట్టి హాలు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు మీ వంశంలో అందరికంటే పెద్దావిడ ఎవరో చూసి, ఆవిడ దగ్గరికి వెళ్లండి. మా ఇంట్లో అయితే మగవాళ్లకి స్థలాలూ తగాదాలూ గుర్తున్నాయి, పురుళ్లు మాత్రం ఆడవాళ్లకే గుర్తున్నాయి.

మాది ఒడిశాలోని బరంపురం. మగ్గాల ఇల్లు. నేను 31 ఏళ్లు బళ్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఈ ఆలోచన నాది కాదు, ఐర్లండులో కార్క్ ఊళ్లో ఉద్యోగం చేస్తున్న మా చెల్లి కొడుకుది. వాడు అద్దెకున్న ఇంటావిడ వంశం వాళ్లు ఒక వేసవిలో కలుసుకుంటే వీణ్నీ రమ్మన్నారట. 1840లలో బంగాళాదుంప పంట కుళ్లిపోయి కరువొచ్చినప్పుడు ఓడెక్కి అమెరికా పోయినవాళ్ల మునిమనవలు కూడా వచ్చారట. చర్చి పక్క హాల్లో గోడ పొడుగునా వంశవృక్షం అంటించి, ప్రార్థనలో చనిపోయినవాళ్ల పేర్లు చదివి, అక్కణ్నుంచి అందరూ సమాధుల దగ్గరికి నడిచారట. అక్కడ ఇది మామూలే. 2013లో ‘ది గ్యాదరింగ్’ అని పేరు పెట్టి, బయటి దేశాల్లో ఉన్న తమవాళ్లని ఊళ్లకి రమ్మని దేశమంతా పిలిచారు.

వాడు చెప్పినవాటిలో నాకు బాగా పట్టుకున్నది ఒకటుంది. 1922లో డబ్లిన్‌లో అంతర్యుద్ధం జరుగుతుంటే రికార్డుల ఆఫీసు తగలబడి, అక్కడున్న పాత జనాభా లెక్కల కాగితాలు చాలావరకు బూడిదైపోయాయి. మిగిలిన 1901, 1911 లెక్కల్ని ఇప్పుడు ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. 1911 కాగితంలో పెళ్లైన ఆడవాళ్లని ఓ ప్రశ్న అడిగారు: ప్రాణంతో పుట్టిన పిల్లలెందరు, ఇప్పుడున్నవాళ్లెందరు?

అదే ప్రశ్న పట్టుకుని మా మేనత్త దగ్గరికి వెళ్లాను. ఆవిడకి 88. అప్పటిదాకా మా నోట్‌బుక్కులో ఆవిడ పేరు కింద అయిదు పేర్లున్నాయి. “అత్తా, నీకు మొత్తం ఎందరు పుట్టారు?” అన్నాను. వత్తులు చేస్తున్నదల్లా ఆపి, వేళ్లు మడవడం మొదలెట్టింది. ఒక చెయ్యి అయిపోయింది, రెండో చేతిలో చిటికెన వేలు ఒక్కటే మిగిలింది. “తొమ్మిదిమందే అమ్మీ. ఇద్దరికి పేర్లు పెట్టలేదు, బారసాల దాకా ఉంటేగా.” ఇన్నేళ్లలో ఈ మాట ఎవరూ అడగలేదంది. మళ్లీ వత్తులు చేసుకుంది. అందుకే చెబుతున్నా, వెళ్లేటప్పుడు ఫోను పక్కన పెట్టి, కాగితం, పెన్సిలూ పట్టుకుని వెళ్లండి. ఒక పూటకి ఒక తరమే అడగండి. అలసిపోతే పేర్లు కలిసిపోతాయి.

తర్వాత కాగితాల వేట. మా గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరింది. అంతకుముందు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాళ్లం. అందుకని ఇక్కడి పాత తెలుగు కుటుంబాల దస్తావేజులు తెలుగులో ఉండొచ్చు, ఇంట్లో ఒడియా చదువుకున్న పిల్లలు వాటిని పనికిరాని కాగితాలనుకుని పారేస్తారు. ట్రంకు పెట్టెలు మీరే తెరవండి. మాకు పంపకాల కాగితంలోనే మూడో తాత దొరికాడు. “రంగూనులో ఉన్న” అని ఆయన పేరు ముందు రాశారు. గోపాలపురం రేవులో స్టీమరెక్కి రంగూను పోయినవాళ్లు ఈ చుట్టుపక్కల చాలామంది. 1962 తర్వాత బర్మాలో సైన్యం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసేసరికి భారతీయులు లక్షల్లో తిరిగొచ్చేశారు. అలా వచ్చినవాళ్లలో ఆయన సంతానం విశాఖ బర్మా క్యాంపులో తేలింది. 160 మైళ్ల దూరంలో 60 ఏళ్లుగా ఉన్నారు!

వంశవృక్షానికి ఖరీదైన కాగితం అక్కర్లేదు. పెళ్లిళ్లలో భోజనాల బల్లల మీద పరిచే కాగితం చుట్ట ఒకటి తెచ్చుకోండి. మాకు 22 అడుగులు పట్టింది. కొడుకుల పేర్లే రాస్తే వంశం సగమే వస్తుంది, ఆడపిల్లల్నీ వాళ్ల పిల్లల్నీ రాయండి, ఇంటిపేరు మారినా సరే. మేనరికాలున్న ఇంట్లో ఇంకో చిక్కు: ఒకే మనిషి రెండు కొమ్మల్లో వస్తాడు. మా పెదనాన్న కూతుర్ని మా మేనత్త కొడుక్కే ఇచ్చారు. అలాంటివాళ్లని రెండుచోట్లా రాసి మధ్యలో దారం అంటించండి. చివరికి చూస్తే చెట్టులా ఉండదు, చీర కొంగులా ఉంటుంది. కంగారు పడకండి. పేరు పెట్టకుండా పోయినవాళ్లకి మేం పసుపు బొట్టు పెట్టాం.

తేదీకి సంక్రాంతి మంచిది, ఎలాగూ పెద్దలకి బట్టలు పెట్టుకునే రోజులు. కాకపోతే రైలు టిక్కెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, తెరిచిన పూటే కొనేయమని అందరికీ చెప్పండి. ఠాకురాణి జాతర జరిగే వేసవి మాత్రం వద్దు. రెండేళ్లకోసారి దాదాపు నెల పొడుగునా సాగే జాతర, ఊళ్లో లాడ్జీ గది దొరకదు. మా ఆడపడుచు మాత్రం జాతరలోనే పెట్టాలని ఇప్పటికీ వాదిస్తుంది.

పిలుపు తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. మా మనవలు తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరం మాత్రం ఒడియాదే వస్తుంది. బ్యానరు ఓ షాపులో ఇచ్చాను. వాళ్ల కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు సరిగ్గా లేక ఒత్తులన్నీ పక్కకి జారి, ముత్తాతగారి పేరు చదివితే నవ్వొచ్చేలా తయారైంది. తెలుగు చెప్పినదాన్ని, నా బ్యానరే అలా! ముందురోజు రాత్రి పాత దుప్పటి మీద పెయింటుతో నేనే రాశాను. ప్రింటుకిచ్చే ముందు ఫోటో తీసి పంపమనండి, అక్షరం అక్షరం చూడండి.

మాటల్లేని అన్నదమ్ములుంటారు. ఇద్దర్నీ ఒకే మనిషి పిలవకూడదు, “వాడు వస్తున్నాడా” అని నిన్నే అడుగుతారు, టెన్షన్. ఇంటి పంపకాల దగ్గర విడిపోయిన మా బాబాయిలిద్దర్లో ఒకాయన్ని నేను పిలిచాను, రెండో ఆయన్ని ఆయన మనవరాలు.

143 మంది వచ్చారు. ఎవరు ఎవరో తెలియడానికి బ్యాడ్జీలు వద్దనుకుని, మగ్గాల దగ్గర మిగిలిన పట్టు పోగులు తెచ్చి, నలుగురు తాతలకి నాలుగు రంగులు అనుకున్నాం. గుమ్మం దగ్గర చేతికి కట్టాం. మేనరికంవాళ్లకి రెండు రంగులు. చిన్న పిల్లలు అరగంటలో రంగుల్ని బట్టి జట్లు కట్టేసి క్రికెట్ మొదలుపెట్టారు.

పొద్దున్నే ఇలవేల్పు చౌడేశ్వరమ్మకి పూజ. పూజ చిన్నదిగా ఉంచండి, పంతులుగారికి ముందే చెప్పండి, గంటన్నర దాటితే కుర్చీలు ఖాళీ అవుతాయి. ఆ తర్వాత పేర్లు చదవడం. కార్క్ పద్ధతి నేను మార్చిందల్లా ఒక్కటే: పెద్దవాళ్లు కాదు, పిల్లలు చదవాలి. ఒక్కొక్కరికి పదేసి పేర్లు, ఒడియా లిపిలో రాసిచ్చాం. పేరు లేనివాళ్ల దగ్గరికి వచ్చేసరికి “మేనత్త బాబు, మేనత్త పాప” అని చదివించాం. అత్త కుర్చీలోంచి లేచి నిలబడింది. పర్లాకిమిడిలో క్రైస్తవుల ఇంటి కోడలైన మా పిన్ని మనవరాలు పూజకి బయట కూర్చుంది గాని, పేర్లకి ముందు వరసలోకి వచ్చింది. ఎవర్నీ దేనికీ బలవంతం చెయ్యకండి.

భోజనం గురించి ఎక్కువ చెప్పను. పులిహోర, ఆవపెట్టిన పనసపొట్టు కూర, దాల్మా (కూరగాయలేసిన ఒడియా పప్పు), బూరెలు, మన బరంపురం అప్పడాలు. చందా ఇంటికింత అని కాదు, సంపాదించే మనిషికింత అని పెట్టండి. లెక్క అదే రోజు గోడకి అంటించేయండి.

సాయంత్రం కాగితం దగ్గర పెన్సిళ్లు కట్టి ఉంచండి, తప్పులు వాళ్లే దిద్దుతారు. మాకు పదకొండు దిద్దుబాట్లు వచ్చాయి. అంతా అయ్యాక దాన్ని మడత పెట్టకండి, మడత దగ్గర పేర్లు చెరిగిపోతాయి. గొట్టానికి చుట్టి, దూలం మీద పెట్టండి. చివర రెండడుగులు ఖాళీగా వదలండి. మా బర్మా క్యాంపు చెల్లెలి కోడలికి వచ్చే నెల పురుడు.