ఇంటిల్లిపాదీ బీచ్‌కి వెళ్లడం ఎలా? ఎక్కడ పొదుపు చేయాలి, ఎక్కడ చేయకూడదు

సముద్రం చాలాచోట్ల ఉచితమే. బీచ్ ట్రిప్‌లో డబ్బు ఖర్చయ్యేది దాని చుట్టూ ఉన్నవాటికి: బయల్దేరే ముందు హడావిడిగా కొన్న సామాన్లకి, అక్కడికెళ్లాక ఫలానాది మర్చిపోయామని గుర్తొచ్చి ఎక్కువ రేటుకి కొన్నవాటికి, సెలవుల రద్దీలో తీసుకున్న గదికి. వీటన్నిటిలోనూ బాగా మిగుల్చుకోవచ్చు. రెండు విషయాల్లో మాత్రం వెనకాడకూడదు. ఒకటి ఎండ నుంచి కాపాడుకునే ఏర్పాట్లు, రెండోది లైఫ్‌గార్డ్ ఉన్న బీచ్. కాస్త దూరమైనా, పార్కింగ్‌కి డబ్బులు కట్టాల్సి వచ్చినా, లైఫ్‌గార్డ్ డ్యూటీలో ఉండే చోటికే పిల్లల్ని తీసుకెళ్లాలి. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

1. తేదీ ఖాయం చేసుకునే ముందు

కుదిరితే వారం మధ్యలో వెళ్లండి. గది అద్దెలో తేడా కనిపిస్తుంది, నీళ్లలో జనం తక్కువ ఉంటారు కాబట్టి పిల్లల మీద కన్నేసి ఉంచడమూ తేలిక.

తర్వాత ఆ ఊళ్లో ఆ రోజుల్లో ఏం జరుగుతోందో తెలుసుకోండి. స్థానిక పత్రిక, మున్సిపాలిటీ ప్రకటనలు, పర్యాటక శాఖ పేజీ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. అన్నిటికన్నా మంచి దారి, గది అద్దెకిచ్చేవాళ్లకి ఫోన్ చేసి "ఆ వారం ఊళ్లో ఏమైనా విశేషం ఉందా?" అని అడగడం. ఉత్సవమో పరుగు పందెమో ఉంటే రోడ్లు మూసేస్తారు, గదుల రేట్లు పెరుగుతాయి. అలాంటప్పుడు ఒక వారం అటో ఇటో జరుపుకోండి. అదే గాలిపటాల ఉత్సవం, ఇసుక బొమ్మల పోటీ, సాయంత్రం పాటల కచేరీ లాంటివైతే పైసా ఖర్చు లేకుండా పిల్లలకి ఒక పూట గడిచిపోతుంది. బీచ్ శుభ్రం చేసే కార్యక్రమం ఉంటే ఒక గంట అందులో పాల్గొనండి. ఆ ఊరివాళ్లతో పరిచయమవుతుంది, ఎక్కడ దిగొచ్చో ఎక్కడ దిగకూడదో వాళ్లే చెబుతారు.

ఇక ఆటుపోట్లు. చాలా తీరాల్లో సముద్రం పూర్తిగా పొంగడానికీ, పూర్తిగా వెనక్కి తగ్గడానికీ మధ్య 6 గంటల పైచిలుకు పడుతుంది. ఆ వేళలు రోజుకి దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతాయి. కాబట్టి నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గరి రోజుల్లో పోటు మరింత పైకి వస్తుంది, తగ్గినప్పుడు మరింత వెనక్కి పోతుంది. చిన్నపిల్లలు ఆడుకోవడానికి నీళ్లు తగ్గి తడి ఇసుక వెడల్పుగా బయటపడే సమయం బాగుంటుంది. రాళ్లున్న తీరమైతే మాత్రం నీళ్లు మళ్లీ ఎప్పుడు పెరుగుతాయో ముందే చూసుకుని, ఆలోపే వెనక్కి వచ్చేయాలి. ఈ వేళల పట్టికలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

2. సామాన్లు: ముందు ఇల్లు వెతకండి

ఒక కాగితం మీద మూడు వరసలు రాసుకోండి: ఇంట్లో ఉన్నవి, ఎవరినైనా అడిగి తెచ్చుకోగలిగినవి, తప్పక కొనాల్సినవి. మూడో వరస ఎంత చిన్నదో చూస్తే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇసుకలో ఆడుకునే బొమ్మల సెట్ కొనక్కర్లేదు. ఖాళీ డబ్బాలు, పాత జల్లెడ, పెద్ద గరిటె, గరాటు ఇస్తే పిల్లలు ఇంకా ఎక్కువసేపు ఆడతారు. కింద పరుచుకోవడానికి, పరుపుకి తొడిగే ఎలాస్టిక్ అంచు దుప్పటి పాతది ఉంటే తీసుకెళ్లండి. దాన్ని తిరగేసి పరిచి, నాలుగు మూలల్లో నాలుగు సంచులు పెడితే అంచులు గోడల్లా లేచి నిలబడతాయి, లోపలికి ఇసుక రాదు. కూరగాయలు తెచ్చుకునే వల సంచిలో బొమ్మలు వేసి నీళ్లలో ఒకసారి ముంచి తీస్తే ఇసుకంతా అక్కడే రాలిపోతుంది. ముందు రోజు రాత్రే నీళ్ల సీసాల్ని పైన కాస్త ఖాళీ ఉంచి ఫ్రీజర్‌లో పెట్టండి. పొద్దున అవే తినుబండారాల్ని చల్లగా ఉంచుతాయి, మధ్యాహ్నానికి కరిగి తాగడానికి పనికొస్తాయి.

పెద్ద గొడుగు, ఐస్ బాక్స్, మడత కుర్చీలు ఏడాదికి ఒకటి రెండు సార్లు వాడే వస్తువులు. వీటిని బంధువుల్నో పక్కింటివాళ్లనో అడగడంలో నామోషీ ఏమీ లేదు. సొంతంగా కొనుక్కోవాలనుకుంటే సీజన్ అయిపోయాక కొనండి. షాపులవాళ్లు స్టాక్ వదిలించుకోవడానికి రేట్లు తగ్గిస్తారు. పిల్లల ఈత బట్టలు మాత్రం మరీ ముందుగా కొనేయొద్దు, వచ్చే ఏడాదికి ఏ సైజు పడుతుందో చెప్పలేం.

ఆ ఈత బట్టల రంగు గురించి ఒక మాట. నీలం, బూడిద, తెలుపు రంగులు నీళ్లలో కలిసిపోయి కనపడవు. ముదురు నారింజ, మెరిసే పసుపు, నియాన్ రంగులు దూరం నుంచి కూడా ఇట్టే తెలుస్తాయి. ధర అంతే, భద్రత ఎక్కువ.

3. ఎండ: ఇక్కడ పొదుపు వద్దు

ఎక్కువమంది సన్‌స్క్రీన్ రాసుకుంటారు కానీ చాలినంత రాసుకోరు. పెద్దవాళ్లకి ఒళ్లంతా రాయాలంటే ఒక్కసారికి దాదాపు 30 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే 100 మిల్లీలీటర్ల ట్యూబు ఒక మనిషికి మూడుసార్లకే అయిపోతుంది. పైగా ప్రతి 2 గంటలకీ, నీళ్లలోంచి వచ్చి తుడుచుకున్న ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి. ఈ లెక్కన నలుగురున్న కుటుంబానికి చిన్న ట్యూబు ఏ మూలకీ చాలదు.

ఖర్చు తగ్గించే మార్గం తక్కువ రాయడం కాదు, రాయాల్సిన చోటు తగ్గించడం. పొడుగు చేతుల ఈత చొక్కా, మోకాళ్ల దాకా వచ్చే నిక్కరు, వెడల్పు అంచు టోపీ వేస్తే ముఖం, మెడ, చేతులు, పాదాలు, మోకాళ్ల కింది భాగానికి రాస్తే సరిపోతుంది. చొక్కా మీద యూపీఎఫ్ 50 (బట్ట ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే నంబరు) అని ఉంటే అతినీలలోహిత కిరణాల్లో 50వ వంతు మాత్రమే లోపలికి వస్తాయి. పల్చటి తెల్ల కాటన్ టీషర్టు ఇందులో చాలా వెనకబడుతుంది, తడిస్తే ఇంకా పనిచేయదు. అందుకే నేను సామాన్ల జాబితాలో "కొనాల్సినవి" కింద మొదట రాసేది ఈ చొక్కానే.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు మూడు చూడండి: బ్రాడ్ స్పెక్ట్రమ్ (యూవీఏ, యూవీబీ అనే రెండు రకాల అతినీలలోహిత కిరణాల నుంచీ కాపాడేది) అని ఉందా, నీటికి తట్టుకుంటుందా, ఎస్పీఎఫ్ (చర్మం కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే నంబరు) 30 లేదా ఆపైన ఉందా. ఎస్పీఎఫ్ 30 సుమారు 97 శాతం యూవీబీ కిరణాల్ని ఆపితే, 50 సుమారు 98 శాతం ఆపుతుంది. కాబట్టి పెద్ద నంబరు కోసం రెట్టింపు ధర పెట్టేకంటే మామూలు రకం పెద్ద సీసా తీసుకోవడం మేలు. గడువు తేదీ చూసుకోండి. ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, వేడికి పాడవుతుంది.

ఎండలోకి వెళ్లడానికి కనీసం 15 నిమిషాల ముందు, గదిలోనే, ఈత బట్టలు వేయకముందే రాసేయండి. బీచ్‌లో ఇసుక చేతులతో, పరిగెత్తే పిల్లాడిని పట్టుకుని రాయడం ఎవరి వల్లా కాదు. చెవుల వెనక, మెడ వెనక, పాపిట, పాదాల పైభాగం, మోకాళ్ల వెనక: సాయంత్రం ఎర్రగా కమిలి కనిపించేవి ఎక్కువగా ఇవే. 6 నెలల లోపు పసివాళ్లకి సన్‌స్క్రీన్ మీద ఆధారపడకుండా పూర్తిగా నీడలోనే ఉంచాలి.

గొడుగు ఒక్కటే ఉంటే చాలదు. ఇసుక దాదాపు 15 శాతం, సముద్రపు నురుగు దాదాపు 25 శాతం అతినీలలోహిత కిరణాల్ని తిప్పికొడతాయి కాబట్టి నీడలో కూర్చున్నా ఎండ దెబ్బ తగులుతుంది. పరికరమేదీ అక్కర్లేని పద్ధతి ఒకటుంది. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే ఎండ తీవ్రంగా ఉన్నట్టు. అప్పుడు పిల్లల్ని లోపలికి తీసుకొచ్చి భోజనం, నిద్ర కానిచ్చేయండి.

4. దిగే ముందు సముద్రాన్ని చదవండి

ముందు జెండాలు. ఎరుపు, పసుపు సగం సగం ఉన్న జెండాలు రెండు పాతి ఉంటే వాటి మధ్య లైఫ్‌గార్డులు కాపలా కాస్తున్నారని అర్థం, అక్కడే దిగాలి. ఎర్ర జెండా ప్రమాదానికి గుర్తు. ఊదా రంగు జెండా ఎగిరితే జెల్లీఫిష్ లాంటి జీవులు ఉన్నట్టు. దేశాన్ని బట్టి కొన్ని తేడాలుంటాయి కాబట్టి బీచ్ మొదట్లో ఉండే బోర్డు చదవండి, లైఫ్‌గార్డ్‌ని పలకరించి "ఇవాళ ఎక్కడ దిగొచ్చు?" అని అడగండి.

తర్వాత కాసేపు ఎత్తైన చోట నిలబడి అలల్ని గమనించండి. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పాయ మాత్రం విరగకుండా, నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపించవచ్చు. దాని మీద నురుగు, నాచు ఒడ్డుకి రాకుండా లోపలికి పోతుంటాయి. అదే రిప్ కరెంట్. ఒడ్డుకి వచ్చిపడిన నీళ్లు తిరిగి సముద్రంలోకి పోయే సందు అది. చూడ్డానికి ప్రశాంతంగా ఉండటంతో పిల్లలతో వచ్చినవాళ్లు ఏరికోరి అక్కడే దిగుతారు. బలంగా ఉన్నప్పుడు అది సెకనుకి 2 మీటర్లకు పైగా వేగంతో లాగుతుంది. ఒలింపిక్ ఈతగాళ్లు కూడా దానికి ఎదురీదలేరు.

అందులో చిక్కుకుంటే ఏం చేయాలో పిల్లలకి ఒడ్డునే చెప్పండి. అది లోపలికి లాక్కెళుతుంది కానీ కిందికి ముంచదు. ఎదురీది అలసిపోకూడదు. వెల్లకిలా తేలుతూ, చెయ్యి ఎత్తి కేకెయ్యాలి. ఈత బాగా వచ్చినవాళ్లు ఒడ్డుకి సమాంతరంగా ఈదుతూ ఆ పాయ దాటాక అలలతో పాటు ఒడ్డుకి రావచ్చు. వేరెవరైనా చిక్కుకుంటే ఆవేశంగా దూకేయకండి. కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లున్నారు. లైఫ్‌గార్డ్‌ని పిలవండి, తేలే వస్తువు ఏదైనా విసరండి.

గాలి నింపిన ట్యూబులు, బొమ్మలు ఈత కొలనుకి సరే కానీ సముద్రానికి వద్దు. ఒడ్డు నుంచి లోపలికి గాలి వీస్తే అవి పిల్లాడితో సహా చూస్తుండగానే దూరమైపోతాయి.

5. నీళ్ల దగ్గర కాపలా

పెద్దవాళ్లు ఎక్కువమంది ఉన్నప్పుడు ఒకరు చూస్తున్నారులే అని ఇంకొకరు ఊరుకుంటారు. అందుకని వంతులు వేసుకోండి. ఒక రంగు టోపీని కాపలా టోపీ అనుకోండి. అది ఎవరి తల మీద ఉంటే వాళ్లు ఫోన్ ముట్టకూడదు, కబుర్లు చెప్పకూడదు, నీళ్లలో ఉన్న పిల్లల మీంచి చూపు తిప్పకూడదు. పావుగంటకో ఇరవై నిమిషాలకో టోపీ చేతులు మారాలి. ఈత రాని పిల్లలైతే చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో పెద్దవాళ్లు నీళ్లలోనే ఉండాలి.

మునిగిపోతున్న పిల్లలు అరుస్తారని, చేతులు ఊపుతారని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. తల వెనక్కి వాల్చి, నోరు నీటి మట్టానికి అందుతూ తప్పుతూ, ఒళ్లు నిటారుగా, చేతులతో నీటిని కిందికి నొక్కుతూ ఉంటారు. గొంతులోంచి శబ్దం రాదు. అలా 20 నుంచి 60 సెకన్ల కంటే ఎక్కువసేపు నిలదొక్కుకోలేరు. అల్లరి చేస్తున్న పిల్లాడు ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే వెంటనే వెళ్లి చూడాల్సిందే.

ఇసుకలో తవ్వే గోతుల గురించీ చెప్పాలి. సరదాగానే మొదలవుతుంది, కానీ లోతైన గొయ్యి గోడలు ఒక్కసారిగా కూలితే లోపలున్న పిల్లలకి ఊపిరాడదు. అందరిలో చిన్నవాళ్ల మోకాలి కంటే లోతుగా తవ్వనివ్వకండి, వెళ్లేటప్పుడు గొయ్యి పూడ్చేయండి.

పొద్దున బయల్దేరే ముందు పిల్లల్ని ఆ రోజు బట్టలతో ఒక ఫొటో తీసుకోండి. తప్పిపోతే లైఫ్‌గార్డ్‌కి చూపించడానికి అదే అక్కరకొస్తుంది. మణికట్టుకి కాగితం పట్టీ కట్టి మీ ఫోన్ నంబరు రాయండి.

6. తిండి, చిన్నచిన్న దెబ్బలు

ఇంటి నుంచి తీసుకెళ్లిన తిండి ఖర్చు తగ్గిస్తుంది, కాకపోతే ఎండలో త్వరగా పాడవుతుంది. పాడయ్యే పదార్థాలు చల్లదనం లేకుండా 2 గంటలకు మించి, 32 డిగ్రీలు దాటిన ఎండలోనైతే గంటకు మించి బయట ఉంటే తినొద్దు. పండ్లు, పొడి చిరుతిళ్లు అయితే టెన్షన్ ఉండదు. దాహం వేసేదాకా ఆగకుండా పిల్లలకి నీళ్లు తాగిస్తూ ఉండండి.

జెల్లీఫిష్ కుడితే ఇసుకతో రుద్దకండి, మూత్రం పోయాలనే మాట అసలు నమ్మకండి. మంచినీళ్లు కాకుండా సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగుల్ని పట్టకారుతో తీయండి. చాలా రకాలకి, చర్మం కాలకుండా తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో, అంటే సుమారు 45 డిగ్రీల లోపు, 20 నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. వెనిగర్ కొన్ని రకాలకే పనికొస్తుంది, అందుకే ఆ తీరం సంగతి తెలిసిన లైఫ్‌గార్డ్ మాట వినండి. ఊపిరి ఇబ్బందైనా, ముఖం వాచినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

7. తిరిగి వచ్చేటప్పుడు

కారు ఎక్కే ముందు పిల్లల కాళ్లు తుడిచి ఆరనిచ్చి, కాస్త మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) చల్లి పొడిగుడ్డతో దులపండి. చెమ్మని పిండి పీల్చేసుకోవడంతో వేళ్ల సందుల్లోని ఇసుక కూడా రాలిపోతుంది. తడి బట్టలకి విడిగా ఒక సంచి పెట్టుకోండి.

ఈత బట్టల్ని ఇంటికి రాగానే మంచినీళ్లలో జాడించి నీడలో ఆరేయండి. ఉప్పు, ఎండ కలిసి ఎలాస్టిక్‌ని వదులు చేసేస్తాయి. గొడుగు ఊచలకీ, కుర్చీల మడతలకీ పట్టిన ఉప్పు కడగకపోతే తుప్పు మొదలవుతుంది. అడిగి తెచ్చుకున్నవైతే మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక, ఆ వారంలోనే ఇచ్చేయండి.