విడాకుల కేసుల పని నేర్చుకోవడం ఎలా? పారాలీగల్‌గా చేరేవారి కోసం

లాయరు ఆఫీసులో చేరిన మొదటి రోజు మా సీనియర్ గారు నా చేతికి చట్టం పుస్తకం ఇవ్వలేదు. బీరువా మీద నుంచి ఒక పాత విడాకుల కట్ట దించి, దుమ్ము దులిపి, "ఇందులో ఉన్న తేదీలన్నీ వరసగా ఒక కాగితం మీద ఎక్కించుకు రామ్మా" అన్నారు. సాయంత్రానికి నలభై ఒక్క తేదీలు తేలాయి. అప్పుడు హిందూ వివాహ చట్టం తీసి ముందు పెట్టి, ఏ సెక్షను ఏ తేదీని పట్టుకుని నిలబడిందో చూడమన్నారు. ఇప్పటికీ నన్నెవరైనా ఈ పని నేర్పమంటే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందు మీ హద్దు తెలుసుకోండి. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం కోర్టులో వాదించేది బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయిన అడ్వకేటే. క్లయింటు చెప్పింది రాసుకోవడం, కాగితాలు సేకరించడం, డ్రాఫ్టు సిద్ధం చేయడం, ఫైలింగు, వాయిదాలు చూసుకోవడం, కాపీలు తేవడం మన పని. సలహా ఇవ్వడం మన పని కాదు. కోర్టు వరండాలో "అక్కా, మా ఆయన మీద ఏ కేసు వేస్తే గట్టిగా ఉంటుంది?" అని కన్నీళ్లతో అడుగుతారు. తెలిసినా సరే, "సార్‌ని అడిగి చెబుతాను" అనే అనాలి.

ఈ పనిలోకి రావడానికి దారులు రెండు మూడున్నాయి. లాయరు ఆఫీసులో గుమస్తాగా చేరడం పాత పద్ధతి. ఇగ్నో లాంటి చోట్ల పారాలీగల్ ప్రాక్టీస్‌లో డిప్లొమా చేయడం ఇంకోటి. మూడోది జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారాలీగల్ వలంటీరుగా చేరడం. నల్సా, అంటే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, ఈ పథకాన్ని 2009లో తెచ్చింది. పనిచేసిన రోజులకు గౌరవ వేతనం ఇస్తారు. దాంతో ఇల్లు గడవదు గానీ, నెల తిరిగేసరికి మనుషుల కష్టాలు ఎన్ని రకాలో తెలుస్తుంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. ఇది తెలియక నగలు తాకట్టు పెట్టి ఫీజు తెచ్చేవాళ్లను చూశాను. ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100 నంబరు నోటికి వచ్చేలా గుర్తుపెట్టుకోండి.

ఏ చట్టం కిందికి వస్తుందో ముందు చూడండి

క్లయింటు కూర్చోగానే గొడవ గురించి కాదు, పెళ్లి గురించి అడగండి. ఎప్పుడు, ఎక్కడ, ఏ పద్ధతిలో జరిగింది? హిందూ పద్ధతి అయితే 1955 చట్టం. రిజిస్ట్రారు దగ్గర స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద చేసుకుంటే 1954 చట్టం. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం. ముస్లిం మహిళ విడాకులు కోరితే 1939 చట్టం. గుళ్లోనూ చర్చిలోనూ రెండుసార్లు పెళ్లి జరిగినా, రికార్డుల్లో మతం ఒకటి, పెళ్లి పద్ధతి ఇంకోటి అయినా, మీరేమీ తేల్చకుండా ఆ సంగతి పైన ఎర్ర సిరాతో రాసి లాయరు గారి బల్ల మీద పెట్టండి.

మన రెండు రాష్ట్రాల్లో పనిచేసేవాళ్లు తప్పకుండా చూడాల్సింది 2వ సెక్షను రెండో ఉపసెక్షన్. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు హిందూ వివాహ చట్టం వర్తించదు. కోయ, గోండు, లంబాడా దంపతులు వస్తే వాళ్ల ఆచారం ఏమిటన్నది ముందు రావాలి.

ఇక ఊళ్లలో పెద్దమనుషులు వంద రూపాయల బాండు పేపరు మీద రాయించే "విడిపోయిన కాగితం". దాంతో పెళ్లి రద్దయిపోయిందని చాలామంది నమ్మకం. ఆ కులంలో అలా విడిపోయే ఆచారం పూర్వం నుంచీ ఉందని రుజువు చేస్తేనే 29వ సెక్షన్ దానికి రక్షణ ఇస్తుంది. ఆ రుజువు భారం ఆచారం ఉందని చెప్పేవాళ్ల మీదే. అలాగని ఆ కాగితాన్ని పారేయకండి. ఇద్దరూ ఎప్పటి నుంచి విడిగా ఉన్నారు, ఎంత సొమ్ము ముట్టింది, ఎవరెవరు సాక్షులు అన్నవి అందులోనే దొరుకుతాయి.

తేదీల కాగితం ఎలా రాయాలి

కల్పిత దంపతులతో ఒకటి చూపిస్తాను.

2019 మే 12: పెళ్లి, తెనాలిలో.
2021 ఫిబ్రవరి 4: బాబు పుట్టాడు.
2022 ఆగస్టు 3: భార్య పుట్టింటికి వెళ్లింది.
2023 జనవరి 10 నుంచి 20 వరకు: సంక్రాంతికి అత్తగారింట్లో ఉంది.
2023 జూన్ 18: పెద్దల పంచాయితీ, కుదరలేదు.
2024 సెప్టెంబరు 20: భర్త విడాకుల పిటిషన్ వేయాలనుకుంటున్నాడు.

భర్త చెప్పే కారణం "నన్ను వదిలేసి వెళ్లింది" అన్నది. ఆ కారణం నిలవాలంటే పిటిషన్ వేసే రోజుకు ముందు వరుసగా రెండేళ్లు వదిలేసి ఉండాలి. ఆగస్టు 3 నుంచి లెక్కేస్తే రెండేళ్లు దాటింది. సంక్రాంతి పది రోజులూ మళ్లీ కాపురం చేసినట్టే అనుకుంటే నాలుగు నెలలు తక్కువ. అది కాపురమా, పండక్కి వచ్చి వెళ్లడమా అన్నది లాయరు చూసుకుంటారు. కానీ ఆ పది రోజులు మీ కాగితంలో లేకపోతే అవి బయటపడేది క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అవతలి లాయరు నోట. క్లయింట్లు ఇలాంటివి కావాలని దాచరు. వాళ్ల లెక్కలో అది "పండక్కి వచ్చింది, అంతే". అందుకే నేను పండగలు, పురుళ్లు, చావులు, పెళ్లిళ్లు ఒక్కొక్కటీ పేరుపెట్టి అడుగుతాను. తేదీ గుర్తులేనివాళ్లకు కూడా ఆ ఏడు ఎవరింట్లో పిండివంటలు తిన్నారో గుర్తుంటుంది.

ఇప్పుడు చట్టం తెరిస్తే అన్నీ ఈ కాగితానికే తగులుకుంటాయి. పెళ్లయిన ఏడాదిలోపు మామూలుగా విడాకుల పిటిషన్ వేయకూడదు (సెక్షన్ 14). ఏడేళ్లుగా మనిషి బతికున్న జాడే లేకపోతే అదొక కారణం (13). పిటిషన్ ఏ ఊళ్లో వేయాలన్నదీ (19) ఇదే కాగితం చెబుతుంది: పెళ్లి జరిగిన చోటు, అవతలివాళ్లు ఉన్న చోటు, ఆఖరున కలిసి కాపురం చేసిన చోటు. భార్యే పిటిషన్ వేస్తే ఆమె ఇప్పుడుంటున్న చోట కూడా వేయొచ్చు. ఇది 2003 సవరణతో వచ్చింది. సెక్షన్ల కోసం గైడ్లు కొనకండి. బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానాలు లేని అసలు చట్టం, చాలు, ఇండియా కోడ్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. పాత గైడ్లలో కుష్ఠు ఇంకా విడాకులకు కారణంగానే కనిపిస్తుంది. దాన్ని 2019లోనే తీసేశారు.

కేసు నంబర్ల భాష

ఒకే జంటకు మూడు కోర్టుల్లో నాలుగు కేసులు ఉండటం మామూలే. ఫ్యామిలీ కోర్టులో విడాకుల పిటిషన్ ఎఫ్‌సీఓపీ, ఫ్యామిలీ కోర్టు లేని చోట సీనియర్ సివిల్ జడ్జి దగ్గర హెచ్‌ఎంఓపీ. మనోవర్తి కేసు ఎంసీ. గృహహింస కేసు డీవీసీ, అది మెజిస్ట్రేట్ దగ్గర నడుస్తుంది. పిల్లల సంరక్షణకు జీడబ్ల్యూఓపీ. మధ్యలో వేసే చిన్న అర్జీలు ఐఏలు. డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు, అమలుకు ఈపీ. అన్నిటికీ 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా తెలుస్తుంది.

2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. మనోవర్తికి పాత సీఆర్‌పీసీ 125 బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 144. భర్త, అత్తింటివాళ్లు భార్యను వేధించే నేరానికి అందరి నోటా నానిన ఐపీసీ 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 85. వాట్సాప్ చాట్ల ప్రింట్లతో ఇవ్వాల్సిన సర్టిఫికెట్ 65బి కింద కాదు, కొత్త సాక్ష్య చట్టం 63 కింద. క్లయింట్లు మాత్రం పాత పేర్లే అంటారు, ఇంకో పదేళ్లు అలాగే అంటారేమో.

పిటిషన్ వెంట నడవండి

చట్టం చదివి తెలుసుకోలేనిది ఫైలింగ్ సెక్షన్‌లో నేర్పుతారు, కొంచెం కసిరి మరీ. పిటిషన్, అఫిడవిట్, వకాలత్ (లాయరుకు అధికారమిచ్చే కాగితం), పెళ్లి శుభలేఖ, ఫోటోలు, ఆధార్ కాపీలు అన్నీ కట్టి ఇస్తే, ఏదో ఒక లోపం చూపి రిటర్న్ వేస్తారు, అంటే వెనక్కి ఇచ్చేస్తారు. సరిచేసి గడువులోగా మళ్లీ దాఖలు (రీప్రజెంట్) చేయాలి. నా మొదటి పిటిషన్‌కు మూడుసార్లు రిటర్న్ పడింది. ఆ రిటర్న్ కాగితాలను ఒక నోటుబుక్కులో అంటించుకున్నాను. నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో అదే మంచిది.

నంబరు పడ్డాక నోటీసు. ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. భర్త చిరునామాగా అతను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు, కింద "హైదరాబాద్" అని మాత్రం రాసి వదిలేశాను. నోటీసు మూడుసార్లు వెనక్కి వచ్చింది. నాలుగు నెలలు పోయాయి, భార్య మధ్యంతర భరణం అర్జీ కూడా అక్కడే ఆగిపోయింది. అప్పటినుంచి ఇంటి నంబరు, పిన్‌కోడ్, దగ్గరి గుర్తు లేకుండా చిరునామా తీసుకోను.

అవతలివాళ్లు హాజరైతే ముందు కౌన్సెలింగ్ లేదా మీడియేషన్. కలపడానికి ప్రయత్నించడం ఫ్యామిలీ కోర్టు బాధ్యత అని 1984 చట్టమే చెబుతోంది. అది కుదరకపోతే కౌంటరు (అవతలివాళ్ల రాతపూర్వక జవాబు), సాక్ష్యం, వాదనలు, తీర్పు. ఉదయం కాల్‌వర్క్ అప్పుడు, అంటే కేసులు ఒక్కొక్కటీ పిలిచేటప్పుడు, కోర్టు హాల్లో నిలబడి వినండి, వారంలో సగం ప్రొసీజర్ వచ్చేస్తుంది. సాక్ష్యం మొదలయ్యాక మాత్రం బయటివాళ్లను పంపేస్తారు. ఈ కేసులు తలుపులు మూసి నడవాలన్నది హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్. ఆ కట్టలో చదివింది ఇంట్లో కూడా చెప్పకూడదు. చిన్న ఊళ్లో పేర్లు తీసేసి చెప్పినా ఎవరో తెలిసిపోతుంది.

భరణం అర్జీ ఉంటే ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలి. 2020లో రజ్నేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు దానికొక నమూనా ఇచ్చింది. ఆ నమూనా నింపించడం పూర్తిగా పారాలీగల్ పని. జీతం చీటీ, బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్ ముందే తెమ్మనండి.

మ్యూచువల్ అయితే

ఇద్దరూ ఒప్పుకుంటే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్. ఏడాదిగా విడిగా ఉంటే మొదటి మోషన్ (ఇద్దరూ కలిసి వేసే పిటిషన్), తర్వాత ఆరు నెలలు ఆగి, 18 నెలల్లోపు రెండో మోషన్. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మొదటి మోషన్ నాటికే విడిపోయి ఏడాదిన్నర కావాలి, భరణం, పిల్లల సంగతి తేలిపోవాలి, మళ్లీ కలిసే ఆశ ఉండకూడదు. మొదటి మోషన్ అయిన వారానికి మినహాయింపు అర్జీ వేసుకోవచ్చు. మళ్లీ తేదీలే.

విదేశాల్లో ఉన్నవాళ్లు "అక్కడే విడాకులు తీసుకున్నాం" అని డిక్రీ చూపిస్తారు. 1975లో తిరుపతిలో పెళ్లయిన జంటలో భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి తెచ్చుకున్న డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడి కోర్టులో భార్య ఇష్టపూర్వకంగా హాజరైందా, విడాకుల కారణం మన చట్టంలో ఉన్నదేనా అని అడిగి రాసుకోండి.

డిక్రీ వచ్చాక

చాలామంది ఇక్కడ కట్ట మూసేస్తారు. అదే రోజు సర్టిఫైడ్ కాపీకి అర్జీ వేయండి. అప్పీలుకు ఫ్యామిలీ కోర్టుల చట్టం 30 రోజులంటుంది, హిందూ వివాహ చట్టం 90 అంటుంది. కోర్టులు వాటిని ఎలా కలిపి చదివాయో లాయరు గారికి వదిలేసి, మీ డైరీలో 30వ రోజునే గుర్తు పెట్టుకోండి. అప్పీలు గడువు పోయేదాకా, అప్పీలుంటే అది తేలేదాకా మళ్లీ పెళ్లి చేసుకోకూడదు (హిందూ వివాహ చట్టం సెక్షన్ 15). డిక్రీ వచ్చిన సాయంత్రమే "ముహూర్తం పెట్టుకోవచ్చా?" అని ఫోన్లు వస్తాయి, ఆ ఫోన్ లాయరు గారికే ఇవ్వండి.

కాపీ చేతికి వచ్చాక చివరి పేజీ తిప్పి చూడండి. అర్జీ వేసిన రోజు, స్టాంపులు అడిగిన రోజు, ఇచ్చిన రోజు, కాపీ సిద్ధమైన రోజు అని ఒక ముద్ర ఉంటుంది. కాపీకి పట్టిన ఆ రోజులు అప్పీలు గడువులోంచి తీసేస్తారు. ముద్రలో ఖాళీ ఉన్నా, అంకె అలికినట్టున్నా కాపీ సెక్షన్ కిటికీ దగ్గర నుంచి కదలకుండా అక్కడే సరిచేయించుకోండి. ఆఫీసుకు వచ్చాక ఆ తేదీలు కూడా మొదటి రోజు రాసిన కాగితం కిందే ఎక్కించాలి.