మీ రిపోర్టు మీరే చదవండి – 4వ పాఠం: షుగర్ నార్మలే, మరి మిగతావి?

లిపిడ్ ప్రొఫైల్‌లో (రక్తంలోని కొవ్వుల పరీక్షలో) ఏ పేరు దేనిదో కిందటి పాఠంలో చూశాం. ఈసారి నాలుగైదు వరుసలు కలిపి చదవడం నేర్చుకుందాం. ల్యాబ్ వాళ్లు హద్దు దాటిన అంకె పక్కన ఒక గుర్తు పెట్టి ఊరుకుంటారు. ఆ అంకెకీ పై అంకెకీ ఉన్న సంబంధం కాగితం మీద ఎక్కడా ఉండదు.

అభ్యాసానికి ఒక రిపోర్టు ఊహించి రాశాను. పెన్ను దగ్గర పెట్టుకోండి.

పురుషుడు, 42 ఏళ్లు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు, నడుము 95 సెంటీమీటర్లు. బీపీ 132/84. పరగడుపు షుగర్ 97. మొత్తం కొలెస్ట్రాల్ 186, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 210, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 110. హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో వాపుని కొలిచే టెస్టు) 3.4.

ఇలాంటి కాగితం ఇంటికొస్తే ముందు షుగర్ చూస్తారు. వంద లోపే. తర్వాత మొత్తం కొలెస్ట్రాల్, అదీ రెండొందల లోపే. ఇక కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. ట్రైగ్లిజరైడ్ల పక్కన గుర్తున్నా, మొన్న పెళ్లి భోజనం తిన్నాం కదా అని సరిపెట్టుకుంటారు.

మనం నడుముతో మొదలుపెడదాం. ప్యాంటు సైజు చెప్పి ఊరుకోకండి, చాలామంది బెల్టు పొట్ట కిందకి జారే ఉంటుంది. టైలర్ టేపు తీసుకోండి. పక్కన చివరి పక్కటెముక ఎక్కడుందో, తుంటి ఎముక పై అంచు ఎక్కడుందో వేలితో తడిమి చూసి, ఆ రెండింటికీ మధ్యలో టేపు చుట్టండి. పొట్ట లోపలికి లాగొద్దు. మామూలుగా ఊపిరి వదిలాక చదవండి. దక్షిణాసియా వాళ్లకి హద్దు పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80.

మనకి ఈ కొలత ఎందుకంత ముఖ్యమో 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చైన ఒక ఫొటో చెబుతుంది. అందులో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి బరువు తగ్గట్టుందా అని చూసే లెక్క) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మన ఊహా రిపోర్టులో బీఎంఐ 23.5. చూసినవాళ్లు "సన్నగానే ఉన్నారుగా" అనే అంటారు.

ఇప్పుడు ఐదు గీతలు గీసి లెక్కపెట్టండి. నడుము హద్దు దాటిందా? ట్రైగ్లిజరైడ్లు 150 గానీ ఆపైన గానీ ఉన్నాయా? హెచ్‌డీఎల్ పురుషులకు 40, స్త్రీలకు 50 కంటే తక్కువా? బీపీలో పై అంకె 130 లేదా కింది అంకె 85 చేరిందా? పరగడుపు షుగర్ 100 చేరిందా? (వీటిలో దేనికైనా మందులు వాడుతుంటే అదీ లెక్కలోకే వస్తుంది.) మూడు వస్తే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ఈయనకి నాలుగు వచ్చాయి. రాని ఒక్కటీ షుగరే!

షుగర్ ఎందుకు పెరగలేదంటే, క్లోమం ఇంకా ఓవర్‌టైమ్ చేస్తోంది కాబట్టి. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినడం తగ్గించాక అది మోతాదు పెంచి పని జరిపించుకుంటుంది. అలా ఏళ్లు గడుస్తాయి. స్టాన్‌ఫర్డ్‌కి చెందిన జెరాల్డ్ రీవెన్ 1988లో ఈ గుంపుకి "సిండ్రోమ్ ఎక్స్" అని పేరు పెట్టినప్పుడు చెప్పింది ఇదే: బీపీ, ట్రైగ్లిజరైడ్లు, తక్కువ హెచ్‌డీఎల్ ఒకే మనిషిలో కనబడటం యాదృచ్ఛికం కాదు, వాటి వెనక ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఒళ్లు ఇన్సులిన్ మాట వినకపోవడం) ఉంది.

ట్రైగ్లిజరైడ్లు 210, హెచ్‌డీఎల్ 34. ఈ జంట దగ్గర కాసేపు ఆగుదాం, అసలు పాఠం ఇక్కడే ఉంది. ఇన్సులిన్ బాగా పనిచేస్తే కొవ్వు కణాలు తమ కొవ్వుని పట్టి ఉంచుతాయి. పనిచేయకపోతే ఆ కొవ్వు ఆమ్లాలు వదులై కాలేయానికి చేరతాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి, వీఎల్‌డీఎల్ రేణువుల్లో నింపి రక్తంలోకి పంపుతుంది. ఆ రేణువులు దారిలో తమ ట్రైగ్లిజరైడ్లని కొంత హెచ్‌డీఎల్‌కీ ఎల్‌డీఎల్‌కీ ఇచ్చి, బదులుగా కొలెస్ట్రాల్ తీసుకుంటాయి. ఆ మార్పిడి తర్వాత హెచ్‌డీఎల్ రక్తంలో ఎక్కువకాలం నిలవదు. ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవైపోతాయి, ఒక్కోదాంట్లో కొలెస్ట్రాల్ తక్కువ. అంటే 110 అనే మర్యాదస్తుడైన అంకె వెనక రేణువుల సంఖ్య ఎక్కువే ఉండొచ్చు, రక్తనాళపు గోడలోకి దూరేవి ఆ రేణువులే. అందుకే మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి: 186లోంచి 34 పోతే 152. దీన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు, 130 లోపు ఉంటే మంచిది. మొదటి చూపులో బాగున్న రిపోర్టు ఒక్క తీసివేతతో రంగు మారింది. పైసా ఖర్చు లేని లెక్క ఇది, డాక్టర్ గదిలోకి వెళ్లేలోపే చేసుకోవచ్చు.

ఇక ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో లోలోపల ఉండే వాపు. పొట్ట లోపలి అవయవాల చుట్టూ పేరుకున్న కొవ్వు ఊరికే నిల్వ ఉండదు. అందులోకి తెల్ల రక్తకణాలు చేరతాయి, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 లాంటి రసాయనాలు వెలువడతాయి. టీఎన్‌ఎఫ్ ఇన్సులిన్ పనికి ఇంకా అడ్డుపడుతుంది. ఐఎల్-6 కాలేయాన్ని ప్రేరేపిస్తే అది సీఆర్‌పీ అనే ప్రొటీన్ తయారుచేస్తుంది. మన రిపోర్టులో 3.4గా కనిపిస్తున్నది అదే. రక్తనాళాల లోపలి పొర దగ్గర ఇన్సులిన్ చేయాల్సిన పని ఇంకొకటుంది: నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి తోడ్పడి నాళాన్ని సడలించడం. అదీ కుంటుపడుతుంది. బీపీ పెరగడానికి ఇదొక కారణం.

హెచ్‌ఎస్-సీఆర్‌పీ 1 లోపు ఉంటే ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యరకం, 3 దాటితే ఎక్కువ. పది దాటితే మాత్రం గుండె గురించి టెన్షన్ పడకండి. జలుబు, జ్వరం, చిగుళ్ల వాపు, ఏదున్నా అది పెరుగుతుంది. తగ్గాక రెండు మూడు వారాలకి మళ్లీ చేయించాలి. మామూలు సీఆర్‌పీ టెస్టు ఇందుకు పనికిరాదు, చీటీలో "హెచ్‌ఎస్" ఉందో లేదో చూసుకోండి.

ఇన్‌ఫ్లమేషన్ గుండె జబ్బుకి కారణమా, పక్కన కనబడేదేనా అన్న వాదన చాలాకాలం సాగింది. 2017లో వెలువడిన కాంటోస్ పరిశోధనలో గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా పాల్గొన్నారు. కొలెస్ట్రాల్‌ని ముట్టుకోకుండా ఇన్‌ఫ్లమేషన్‌ని మాత్రమే తగ్గించే కెనకినుమాబ్ ఇంజెక్షన్ 150 మిల్లీగ్రాముల మోతాదులో తీసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. అయితే ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు కూడా పెరిగాయి. దాన్ని గుండె మందుగా వాడుకలోకి తేలేదు.

ఇన్సులిన్ టెస్టు కూడా రాసిస్తే, ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఎంతుందో అంచనా వేయడానికి ఒక గుణకారం చేయొచ్చు: పరగడుపు షుగర్‌ని పరగడుపు ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించండి. ఈయన ఇన్సులిన్ 18 అనుకుంటే జవాబు 4.3. చాలాచోట్ల 2.5 దాటితేనే అనుమానిస్తారు. నన్నడిగితే నడుము, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఈ టెస్టుకి డబ్బు పెట్టక్కర్లేదు. ఇన్సులిన్ అంకె ల్యాబుని బట్టి మారుతుంది కూడా.

ఇప్పుడు మీ వంతు. స్త్రీ, 50 ఏళ్లు, నడుము 84 సెంటీమీటర్లు, బీపీ 126/82, పరగడుపు షుగర్ 104, మొత్తం కొలెస్ట్రాల్ 204, ట్రైగ్లిజరైడ్లు 142, హెచ్‌డీఎల్ 46, హెచ్‌ఎస్-సీఆర్‌పీ 12.6, కిందటి వారం జ్వరం. ఐదింటిలో ఎన్ని వచ్చాయి? నాన్-హెచ్‌డీఎల్ ఎంత? ఏ టెస్టు మళ్లీ చేయించాలి? జవాబులు 5వ పాఠంలో. తిండి, నడక మారిస్తే వీటిలో ముందుగా ఏ అంకె దిగుతుందో కూడా అక్కడే చూద్దాం.