అరటి నారతో చేతి కాగితం: వస్తువును బట్టి తయారీ

గెల కోసిన తరువాత అరటి చెట్టు మళ్లీ కాయదు కనుక, కోనసీమలోనైనా పులివెందుల వైపైనా రైతులు బోదెను నరికి చాలావరకు గట్టునే పడేస్తారు. ఆ బోదె దొప్పల్లోని నారతో ల్యాంప్‌షేడ్లకు, కానుక పెట్టెలకు, ట్యాగులకు పనికివచ్చే కాగితాన్ని ఇంటి దగ్గరే తయారు చేసుకోవచ్చు. అయితే చేయబోయే వస్తువేమిటో ముందే తేల్చుకోవాలి. నారను ఎంతసేపు దంచాలి, ఒక్కో కాగితానికి ఎంత గుజ్జు పోయాలి అన్నవి దానిమీదే ఆధారపడతాయి.

దొప్పలను విడదీసి, చెక్కపలక మీద పరచి, మొద్దు కత్తితో గీకితే నీరు, మెత్తని పదార్థం పోయి నార మిగులుతుంది. అరటి కర బట్టకు అంటితే వదలదు కాబట్టి పాత బట్టలు కట్టుకోవడం మేలు. ఎండిన నారను అంగుళం కన్నా చిన్న ముక్కలుగా కత్తిరించి ఒక రాత్రి నానబెట్టాలి; ముక్కలు పొడవుగా ఉంటే తరువాత నీటిలో ఉండలు కడతాయి.

కిలో ఎండు నారకు సుమారు 200 గ్రాముల బట్టల సోడా కలిపి, నార బాగా మునిగేంత నీటిలో మూడు నాలుగు గంటలు ఉడికించాలి. అల్యూమినియంను సోడా తినేస్తుంది కనుక స్టీలు పాత్రనే వాడాలి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఒక పోగును వేళ్లతో లాగినప్పుడు అడ్డం లేకుండా చీలిపోతే ఉడికినట్లే. నీరు తేటగా వచ్చి, వేళ్లకు జారుడు తగలనంత వరకు కడగాలి.

అసలు మెలకువ దంచడంలో ఉంది. మిక్సీ నారను కోస్తుందే గాని చిదపదు. అందుకే ఆ కాగితం మడత దగ్గర త్వరగా చిరుగుతుంది. రోటిలో దంచితే పోగులు చిట్లి వాటిమీద సన్నని నూగు లేస్తుంది, ఆరేటప్పుడు ఆ నూగే పోగులను గట్టిగా కలిపి ఉంచుతుంది. తక్కువ దంచిన గుజ్జు మెత్తని, వెలుతురును ఆపే కాగితాన్నిస్తుంది. అది పెట్టెలకు, ట్యాగులకు తగినది. బాగా దంచినది గలగలలాడుతూ, వెలుతురును లోపలినుంచి చూపే కాగితమవుతుంది, కాని ఆరేటప్పుడు బాగా ముడుచుకుంటుంది. గాజు గ్లాసు నీటిలో చిటికెడు గుజ్జు వేసి కలిపితే ఉండలు లేకుండా మబ్బులా విచ్చుకోవాలి.

ఏ-4 సైజు కాగితాలు 16 కలిస్తే ఒక చదరపు మీటరు. అంటే 64 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే కొలత) ల్యాంప్‌షేడ్ కాగితానికి 4 గ్రాములు, 250 జీఎస్ఎం పెట్టె కాగితానికి దాదాపు 16 గ్రాముల పొడి గుజ్జు కావాలి. పిండిన తడి గుజ్జులో 100 గ్రాములు ఆరబెట్టి తూస్తే ఎంత తడికి ఎంత పొడి వస్తుందో తెలుస్తుంది.

నైలాన్ దోమల జాలీ బిగించిన చెక్క చట్రాన్ని తొట్టి నీటిలో అంచులు పైకి ఉండేలా ఉంచి, కొలిచిన గుజ్జును అందులో పోసి, వేళ్లతో సమంగా చెదరగొట్టి, వంగకుండా నిట్టనిలువుగా పైకెత్తాలి. నీరు కారాక తడి కాగితాన్ని పాత పంచె గుడ్డ మీదికి బోర్లించి, దానిపై మరో గుడ్డ కప్పి, రెండు ప్లైవుడ్ పలకల మధ్య ఇటుకల బరువు పెట్టాలి. బాగా దంచిన కాగితాన్ని ప్లైవుడ్‌కు కుంచెతో అతికించి నీడలోనే ఆరనివ్వాలి, లేకపోతే అంచులు లేచిపోతాయి. అచ్చు వేయవలసిన ట్యాగులకు పలుచని గంజి ఒక పూత సరిపోతుంది. చిక్కగా పూస్తే పురుగు పడుతుంది. ల్యాంప్‌షేడ్ లోపల మాత్రం ఎల్ఈడీ బల్బునే వాడాలి.